కంట్లో కండ పెరిగితే ఆపరేషన్: ముందు ఏం అడగాలి, తర్వాత ఏం కనిపెట్టుకోవాలి

తెల్లగుడ్డును కప్పుతూ, రెప్పల లోపలి వైపుకి కూడా పాకి ఉండే పలచని పొరని కంజంక్టైవా అంటారు. దీనికొచ్చే జబ్బుల్లో చాలావాటికి చుక్కల మందు సరిపోతుంది, ఆపరేషన్ దాకా వెళ్లేవి తక్కువ. ఆ తక్కువలో ఎక్కువగా జరిగేది టెరీజియం ఆపరేషన్. దుర్మాంసం అంటారే, సాధారణంగా ముక్కు వైపు నుంచి మొదలై నల్లగుడ్డు మీదికి ముక్కోణంగా పాకే ఎర్రటి కండ, అదే. ఈ గైడ్ ఎక్కువగా దాని గురించే, మిగతావి మధ్యలో వస్తాయి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆపరేషన్ మామూలుగా అరగంట, ముప్పావుగంట పని. మనవాళ్లు టెన్షన్ అంతా ఆ అరగంట గురించే పడతారు. కానీ కండ మళ్లీ వస్తుందా రాదా, కంటికి ఏమైనా ఇబ్బంది మిగులుతుందా అన్నది ఏ పద్ధతిలో చేశారు, తర్వాత మూడు నెలలు మందులూ చెకప్‌లూ ఎలా నడిచాయి అన్నదాని మీదే చాలావరకు ఆధారపడుతుంది. ఈ రెండింట్లోనూ మీ చేతిలో ఉన్నది చాలా ఉంది.

అసలు ఆపరేషన్ అవసరమా, అది తేల్చుకోండి

కండ కనిపించగానే తీయించేయాలని లేదు. ఎండ, దుమ్ము, గాలి ఎక్కువగా తగిలే పనుల్లో ఉన్నవాళ్లకి చిన్న టెరీజియం ఏళ్ల తరబడి పెరగకుండా అలాగే ఉండిపోవచ్చు. అప్పుడప్పుడు ఎర్రబడడం, మంట, ఇసుక పడ్డట్టు ఉండడం వరకే అయితే కృత్రిమ కన్నీటి చుక్కలు, అల్ట్రావయొలెట్ కిరణాలను ఆపే చలువ కళ్లద్దాలు, అంచున్న టోపీ చాలు. తెల్లగుడ్డు మీద నల్లగుడ్డు దాకా రాని పసుపు రంగు బొడిపె ఉంటే అది పింగ్వెక్యులా. దానికి ఆపరేషన్ చాలా అరుదు.

తీయించుకోవాల్సిన కారణాలు ఇవి. కండ కంటిపాప వైపు వస్తోంది, లేదా నల్లగుడ్డును లాగి దాని వంపు మార్చేయడంతో ఆస్టిగ్మాటిజం (వంపు అన్ని వైపులా ఒకేలా లేక వచ్చే చూపు దోషం) పెరిగి చూపు మసకబారుతోంది. కన్ను పక్కకి తిప్పినప్పుడు పట్టేస్తోంది, ఒకటి రెండుగా కనిపిస్తోంది. మందులు వాడినా వాపు పదే పదే వస్తోంది. లేదా శుక్లాల ఆపరేషన్ దగ్గర పడింది, లెన్స్ కొలతలకి ఇది అడ్డమవుతోంది. అందం కోసం తీయించుకోవడం కూడా తప్పేం కాదు, చాలామంది చేయించుకుంటారు. కాకపోతే తీసిన కండ మళ్లీ వచ్చిందంటే మొదటిదానికంటే లావుగా, ఎర్రగా, మొండిగా వచ్చే అవకాశం ఉంది. వయసు తక్కువైతే ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. కేవలం కనబడకూడదని చేయించుకునే పాతికేళ్లవాళ్లు ఈ లెక్క చూసుకునే దిగాలి.

డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న: "నల్లగుడ్డు మీదికి ఎన్ని మిల్లీమీటర్లు వచ్చింది, పోయినసారికీ ఇప్పటికీ పెరిగిందా?" కొలత రాయించుకోండి. పెరుగుతోందా లేదా తెలియకుండా నిర్ణయం తీసుకోవడం కష్టం.

అది నిజంగా టెరీజియమేనా

ఇక్కడ తొందర వద్దు. కంజంక్టైవా మీద పెరిగే ప్రతి కండా టెరీజియం కాదు. ఓక్యులర్ సర్ఫేస్ స్క్వేమస్ నియోప్లేసియా అని ఒకటుంది, క్యాన్సర్ ముందు దశల నుంచి క్యాన్సర్ దాకా అన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. అది కూడా నల్లగుడ్డు అంచునే మొదలవుతుంది, ఒక్కోసారి టెరీజియంలాగే కనిపిస్తుంది, ఒక్కోసారి దాని లోపలే దాక్కుని ఉంటుంది. జెల్లీలా జిగటగా ఉన్నా, పైన తెల్లటి పొలుసు కట్టినా, లావైన రక్తనాళాలు దానిలోకి దిగుతున్నట్టు కనిపించినా, కొద్ది నెలల్లోనే గబగబా పెరిగినా అనుమానించాలి. నల్లటి మచ్చ పెద్దవాళ్లలో కొత్తగా వచ్చినా, ఉన్న పుట్టుమచ్చ రంగు, సైజు మారుతున్నా అంతే.

ఇలాంటి వాటికి ఆపరేషన్ తీరే వేరు. గడ్డను ముట్టుకోకుండా, చుట్టూ 3 నుంచి 4 మిల్లీమీటర్లు మంచి పొరతో కలిపి తీస్తారు, అంచులకి అతిశీతల చికిత్స రెండుసార్లు ఇస్తారు. తర్వాత మైటోమైసిన్, 5-ఫ్లోరోయురాసిల్, ఇంటర్‌ఫెరాన్ లాంటి, గడ్డ కణాల్ని అణిచే చుక్కలు అవసరాన్ని బట్టి వాడతారు. కొన్నిసార్లు కత్తి లేకుండా ఆ చుక్కలతోనే తగ్గిస్తారు కూడా. టెరీజియం అనుకుని మామూలుగా గీకేస్తే కొంత లోపల మిగిలిపోతుంది. అందుకే రెండో ప్రశ్న: "తీసిన ముక్కని బయాప్సీకి పంపుతారా?" పంపమనే అడగండి. చూడ్డానికి మామూలు కండలాగే ఉన్నా సరే. తర్వాత రిపోర్టు వచ్చిందో లేదో కనుక్కోవడం కూడా మీ పనే అనుకోండి, దాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

కంజంక్టైవాకి జరిగే మిగతా ఆపరేషన్లు క్లుప్తంగా చెప్తాను. నీటి బుడగలాంటి సిస్టుని సూదితో పొడిస్తే నీరు పోయి కొన్నాళ్లకి మళ్లీ నిండుతుంది, గోడతో సహా తీసేస్తేనే పోతుంది. పెద్దవయసులో పొర వదులై ముడతలు పడి కంట్లోంచి ఊరికే నీరు కారుతుంటే ఆ వదులు భాగాన్ని కాల్చి బిగిస్తారు, లేదా కత్తిరిస్తారు. రసాయనాలు పడ్డాక, స్టీవెన్స్ జాన్సన్ (ఎక్కువగా మందులు పడక చర్మం, లోపలి పొరలు ఊడే జబ్బు) లాంటి జబ్బుల తర్వాత రెప్ప కంటికి అతుక్కుపోతే ఆ అతుకులు విడదీసి ఉమ్మనీటి పొర (కాన్పు తర్వాత మాయ నుంచి తీసి శుద్ధి చేసిన పలచని పొర) పెడతారు. ఈ చివరిది పెద్ద పని, ఒక్క ఆపరేషన్‌తో తేలకపోవచ్చు. జాగ్రత్తలు మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే, కింద వచ్చేవి చాలావరకు వాటికీ పనికొస్తాయి.

ఏ పద్ధతిలో చేస్తారో అడగండి

నా దృష్టిలో ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, చాలామంది అడగనిదీ ఇదే. పాత పద్ధతిలో కండని గీకి, కింద తెల్లగుడ్డును అలాగే వదిలేసేవారు. తొందరగా అయిపోతుంది, కానీ మళ్లీ వచ్చేది బాగా ఎక్కువ. ఇప్పుడు ఎక్కువమంది సర్జన్లు ఎంచుకునేది కంజంక్టైవల్ ఆటోగ్రాఫ్ట్. మీ కంటిలోనే, సాధారణంగా పై రెప్ప కింద దాగి ఉండే చోటు నుంచి, పలచని పొర తీసి ఖాళీ చేసిన చోట అతికిస్తారు. 1980ల మధ్య నుంచి ఇది బాగా వాడుకలోకి వచ్చింది. ఈ పద్ధతిలో కండ మళ్లీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు. ఉమ్మనీటి పొర పెట్టడం మూడో దారి. మీ సొంత పొర సరిపోనప్పుడో, దాన్ని దాచిపెట్టాల్సి వచ్చినప్పుడో అది ఉపయోగం.

దాచిపెట్టడం ఎందుకంటే, నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవాళ్లకి భవిష్యత్తులో కంటి ప్రెషర్ తగ్గించే ట్రాబెక్యులెక్టమీ ఆపరేషన్ చేయాల్సి వస్తే పై భాగంలో చెక్కుచెదరని కంజంక్టైవా కావాలి. టెరీజియం కోసం అక్కడి పొర వాడేస్తే తర్వాత ఇబ్బంది. మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ నీటికాసులు ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. అప్పుడు కింది భాగం నుంచి తీయడమో, వేరే దారో చూస్తారు.

అతికించడం కుట్లతోనా, ఫైబ్రిన్ గ్లూతోనా అన్నది ఇంకో విషయం. గ్లూతో చేస్తే టైమ్ తక్కువ, మొదటి రోజుల్లో నొప్పీ గుచ్చుకోవడమూ తక్కువ, కానీ పొర జారిపోయే ప్రమాదం కుట్లకంటే కొంచెం ఎక్కువ. కుట్లైతే గట్టిగా పట్టుకుంటాయి, వారం రెండు వారాలు రాళ్లు పడ్డట్టు ఉంటుంది. నైలాన్ కుట్లు తీయాల్సి వస్తుంది, కరిగే కుట్లు వాటంతట అవే పోతాయి. గ్లూ మనిషి రక్తపు ప్లాస్మా నుంచి తయారవుతుంది, పరీక్షించి శుద్ధి చేసే ఇస్తారు. అయినా ఎవరికైనా అభ్యంతరం ఉంటే ముందే చెప్పాలి. కొందరు సర్జన్లు గ్లూ లేకుండా పేషెంట్ రక్తాన్నే గడ్డకట్టనిచ్చి పొర అంటిస్తారు.

మైటోమైసిన్ వాడతారేమో కూడా కనుక్కోండి. కండ మళ్లీ రాకుండా ఆపరేషన్ టైమ్‌లో కొద్ది సేపు రాసి బాగా కడిగేసే మందు అది. పనిచేస్తుంది, కానీ మోతాదు మించినా, అవసరం లేనిచోట వాడినా తెల్లగుడ్డు పలచబడి కరిగే ప్రమాదం ఉంది, ఆ ప్రమాదం నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా బయటపడగలదు. మొదటిసారి చేయించుకునే మామూలు టెరీజియానికి ఇది ఎందుకు అని అడిగే హక్కు మీకుంది.

ఆపరేషన్ ముందు చెప్పాల్సినవి

రక్తం పలచబడే మందులు వాడుతుంటే పేర్లతో సహా చెప్పండి. ఆస్పిరిన్ కావచ్చు, క్లోపిడోగ్రెల్ కావచ్చు, వార్ఫరిన్ కావచ్చు. మీ అంతట మీరు ఆపేయకండి. కంటి మీద కాస్త రక్తం ఎక్కువ కారడంకంటే గుండెకో మెదడుకో గడ్డ కట్టడం చాలా పెద్ద ప్రమాదం. షుగర్ అదుపులో లేకపోతే పుండు మానడం ఆలస్యం, ఇన్ఫెక్షన్ భయం కూడా. కళ్లు పొడిబారే సమస్య ఉంటే ముందు దానికి వైద్యం జరగాలి. గతంలో స్టెరాయిడ్ చుక్కలతో కంటి ప్రెషర్ పెరిగిన చరిత్ర ఉంటే అది తప్పకుండా చెప్పాలి, ఎందుకో కింద వస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి.

శుక్లాల ఆపరేషన్ కూడా ఉందంటే, సాధారణంగా కండనే ముందు తీస్తారు. తీశాక నల్లగుడ్డు వంపు మారుతుంది, అది నిలకడకి రావడానికి 1 నుంచి 3 నెలలు పడుతుంది. అప్పుడు లెన్స్ కొలత తీస్తేనే సరైన నంబర్ వస్తుంది. కళ్లద్దాలు కూడా అంతే, ఆపరేషన్ అయిన వారానికే కొత్తవి చేయించి డబ్బు దండగ చేసుకోకండి.

ఆ రోజు

దీని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. చుక్కల మత్తుతో పాటు కండ కిందికి చిన్న ఇంజెక్షన్, లేదా కంటి చుట్టూ ఇంజెక్షన్ ఇస్తారు. పిల్లలకీ, కదలకుండా ఉండలేనివాళ్లకీ తప్ప పూర్తి మత్తు అక్కర్లేదు. వెలుగు కనిపిస్తుంది, తాకుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి తెలియకూడదు. తెలిస్తే నోటితో చెప్పండి, తల మాత్రం కదపకండి. దగ్గు వచ్చేలా ఉన్నా ముందు చెప్పాలి. తర్వాత కంటికి పట్టీ వేసి ఆ రోజే ఇంటికి పంపేస్తారు. బండి నడపకూడదు, తోడుకి మనిషి ఉండాలి.

మొదటి వారం

మత్తు దిగాక నొప్పి మొదలవుతుంది. పొర అతికించిన చోటుకంటే కండ గీకిన నల్లగుడ్డే ఎక్కువ నొప్పెడుతుంది, ఎందుకంటే అక్కడ నరాలు చాలా దట్టంగా ఉంటాయి. మొదటి 2, 3 రోజులు నీళ్లు కారడం, వెలుగు చూడలేకపోవడం, గుచ్చుకోవడం మామూలే. డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వేసుకోండి, ఓర్చుకోవడం గొప్పేం కాదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను: ఆపరేషన్ టేబుల్ మీద వేసిన మత్తు చుక్కలు హాయిగా ఉన్నాయని వాటిని తెచ్చుకుని ఇంట్లో వేసుకోకండి. అవి నల్లగుడ్డు పుండు మాననివ్వవు, పదే పదే వాడితే నల్లగుడ్డు కరిగిపోతుంది కూడా.

అద్దంలో చూసుకుంటే భయమేస్తుంది. తెల్లగుడ్డంతా ఎర్రగా, రక్తం పులిమినట్టు ఉంటుంది, అతికించిన పొర ఉబ్బి ఉంటుంది. ఇది 2, 3 వారాల్లో పసుపు రంగులోకి మారుతూ తగ్గుతుంది. ఉబ్బు రోజురోజుకీ తగ్గుతోందా అన్నదే చూడండి, ఎరుపు ఎంత ఉందని కాదు.

కన్ను నలపకూడదు, ఇది అన్నిటికంటే ముందు. పొర అంటుకుని అందులోకి రక్తనాళాలు రావడానికి టైమ్ పడుతుంది, అంతలో ఒక్క నలుపుడు చాలు జారిపోవడానికి. నిద్రలో చెయ్యి వెళ్తుంది కాబట్టి రాత్రిళ్లు ప్లాస్టిక్ కవచం పెట్టుకోండి. పై రెప్పని బలంగా పైకెత్తకండి, పొర తీసిన చోటు అక్కడే ఉంది. స్నానం మెడ కిందికి, తల కడగాల్సి వస్తే వెనక్కి వాల్చి వేరేవాళ్లతో కడిగించుకోండి. ఈత, దుమ్ము, పొగ, బరువులెత్తడం డాక్టర్ సరే అనేదాకా వద్దు. చదవడం, టీవీ, ఫోన్ వల్ల కన్నుకి హాని ఏమీ లేదు, ఇబ్బందిగా ఉంటే ఆపేయండి, అంతే.

చుక్కలు వేసుకునే పద్ధతి

సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సీసా మీద ఊపమని ఉంటే బాగా ఊపాలి, ప్రెడ్నిసొలోన్ లాంటివి ఊపకపోతే మందు అడుగునే ఉండిపోతుంది. కింది రెప్పని మెల్లగా లాగి ఒక్క చుక్క, సీసా మూతి కంటికి గానీ రెప్పకి గానీ తగలకూడదు. కన్ను మూసి, ముక్కు పక్కన రెప్పల మూల దగ్గర వేలితో సున్నితంగా ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. కుట్లున్న చోట, పొర మీద నొక్కకండి, ఎముక మీద నొక్కాలి. రెండో మందుకి 5 నిమిషాలు ఆగండి. ఆయింట్‌మెంట్ ఎప్పుడూ చివర.

యాంటీబయాటిక్ చుక్కలు వారం పది రోజుల్లో ఆపేస్తారు. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం మెల్లగా తగ్గించుకుంటూ 1 నుంచి 3 నెలలు నడుస్తాయి. వాపు అణిగి ఉంటేనే కండ మళ్లీ రాకుండా ఉంటుంది కాబట్టి ఇది ముఖ్యం. కన్ను తెల్లబడిందని మధ్యలో ఆపేసేవాళ్లు ఒకవైపు, ఎర్రబడ్డప్పుడల్లా అదే సీసా మళ్లీ కొనుక్కుని వేసుకునేవాళ్లు ఇంకోవైపు. రెండూ తప్పే, రెండోది మరీ ప్రమాదం. స్టెరాయిడ్ చుక్కలు కొందరిలో కంటి ప్రెషర్ పెంచుతాయి. సాధారణంగా మొదలుపెట్టిన 2 వారాల తర్వాత నుంచి ఇది కనిపిస్తుంది, నొప్పి ఉండదు, చూపు తగ్గినట్టు తెలియదు, లోపల నరం మాత్రం దెబ్బతింటుంది. మామూలు కంటి ప్రెషర్ 10 నుంచి 21 mmHg మధ్య. ప్రతి చెకప్‌లోనూ "ప్రెషర్ చూశారా, ఎంత ఉంది?" అని అడిగి రాసుకోండి. పెరిగితే తక్కువ ప్రభావం ఉన్న స్టెరాయిడ్‌కి మారుస్తారు, ప్రెషర్ తగ్గే చుక్కలు జత చేస్తారు.

కాంప్లికేషన్లు: ఏది చూసి పరిగెత్తాలి, ఏది చూసి ఫోన్ చేస్తే చాలు

వెంటనే, అదే రోజు వెళ్లాల్సినవి ముందు చెప్తాను. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం. చూపు ఒక్కసారిగా మసకబారడం. చిక్కటి పసుపుపచ్చ పుసి. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. రాత్రి నిద్ర లేపేంతగా లోతుగా తొలిచే నొప్పి. వీటిలో ఏదైనా ఇన్ఫెక్షన్ కావచ్చు, నల్లగుడ్డుకో తెల్లగుడ్డుకో పట్టి ఉండొచ్చు. రేపటి చెకప్ ఉందిలే అనుకోవద్దు.

పొర జారడం కూడా అర్జంటే. మొదటి వారంలో జరుగుతుంది. అంచు లేచి వేలాడుతున్నట్టు కనిపించొచ్చు, ముడుచుకుపోయి ఉండొచ్చు, లేదా ఆ చోట బోసిగా తెల్లగా కనిపించొచ్చు. వేలితో సర్దబోకండి, లాగబోకండి. త్వరగా వెళ్తే చాలాసార్లు అదే పొరని మళ్లీ సరిచేసి అతికించగలరు.

నల్లగుడ్డు అంచున, ఉబ్బిన పొర పక్కనే, చిన్న గుంటలా పలచబడడం ఇంకోటి, దాన్ని డెలెన్ అంటారు. ఉబ్బు వల్ల రెప్ప ఆ చోట సరిగా తుడవలేక కన్నీరు అందక ఎండిపోవడమే కారణం. మీకు మీరుగా కనిపించదు, కన్నుని పెద్దదిగా చూపే యంత్రం, అంటే డాక్టర్ స్లిట్ ల్యాంప్‌లో చూస్తారు. కృత్రిమ కన్నీటి చుక్కలు, పట్టీతో సాధారణంగా సర్దుకుంటుంది, పట్టించుకోకపోతే మాత్రం పుండుగా మారొచ్చు. అందుకే బాగానే ఉంది కదా అని చెకప్ ఎగ్గొట్టకూడదు.

కొన్ని వారాలకి ఆపరేషన్ చోట ఎర్రటి, మెత్తటి, ముట్టుకుంటే రక్తం కారే గడ్డ వస్తే అది పయోజెనిక్ గ్రాన్యులోమా అయి ఉండొచ్చు. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది కానీ క్యాన్సర్ కాదు. చుక్కలతోనే తగ్గొచ్చు, లేకపోతే చిన్నగా కత్తిరించేస్తారు. పొర కింద నీటి బుడగ మిగలడం కూడా ఇలాంటిదే, తొందర లేదు, చూపించుకుంటే చాలు.

ఒకటి రెండుగా కనిపించడం మొదటి కొన్ని రోజులు వాపు వల్ల ఉండొచ్చు. వారాలు దాటినా పోకపోతే లోపల మచ్చ కట్టి కన్ను కదలిక పట్టేసిందేమో, కండరానికి దెబ్బ తగిలిందేమో చూడాలి. తెల్లగుడ్డు మీద ఒకచోట నీలంగా, నల్లగా కనిపిస్తే అక్కడ గోడ పలచబడిందన్నమాట, లోపలి రంగు బయటికి కనిపిస్తోంది. ఏళ్ల తర్వాత కనిపించినా వెళ్లాలి, మైటోమైసిన్ వాడినవాళ్లు, పాత రోజుల్లో బీటా రేడియేషన్ పెట్టించుకున్నవాళ్లు మరీ ముఖ్యంగా.

ఇక చూపు. కండ కంటిపాప దాకా వచ్చాక తీయిస్తే అక్కడ నల్లగుడ్డు మీద మసక మచ్చ మిగిలిపోవచ్చు, ఆస్టిగ్మాటిజం కూడా మొత్తం పోకపోవచ్చు. ఇది ఆపరేషన్ చెడిపోవడం కాదు, ఆలస్యం ఫలితం.

మళ్లీ వస్తోందేమో ఎలా కనిపెట్టాలి

వచ్చేవాటిలో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే వస్తాయి. నెలకోసారి ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫోన్‌తో కన్ను ఫోటో తీసి పెట్టుకోండి, ముక్కు వైపు తెల్లగుడ్డు కనిపించేలా చూపు బయటి వైపుకి పెట్టి. అతికించిన పొర దాకా రక్తనాళాలు రావడం పర్వాలేదు, అవి అంచు దాటి నల్లగుడ్డు మీదికి ఎక్కితే అది కండ మళ్లీ మొదలవడం. మొదట్లోనే పట్టుకుంటే స్టెరాయిడ్ చుక్కలు, 5-ఫ్లోరోయురాసిల్ ఇంజెక్షన్లు లాంటివి ప్రయత్నించి ఆపగలిగే అవకాశం ఉంది. బాగా పెరిగాక వెళ్తే రెండో ఆపరేషనే మిగులుతుంది, దానికి కూడా వాపు పూర్తిగా అణిగేదాకా నెలల తరబడి ఆగమంటారు. ఆగండి, ఎర్రగా ఉన్న కన్నులో మళ్లీ కోస్తే ఇంకా రెచ్చిపోతుంది.

ఎండలోకి వెళ్లినప్పుడు అల్ట్రావయొలెట్ కళ్లద్దాలు ఇప్పటినుంచి ఎప్పటికీ. పక్కల నుంచి కూడా వెలుతురు పడకుండా చుట్టుకునే రకం అయితే మంచిది.

డిశ్చార్జ్ కాగితాలు తీసుకునేటప్పుడు నాలుగు సంగతులు రాసి ఉన్నాయో లేదో చూడండి: పొర ఏ చోటు నుంచి తీశారు, కుట్లా గ్లూనా, మైటోమైసిన్ వాడారా, వాడితే ఎంత శాతం ఎన్ని నిమిషాలు, బయాప్సీకి పంపారా. లేకపోతే అక్కడే నిలబడి రాయించుకోండి. పదేళ్ల తర్వాత శుక్లాలకో, నీటికాసులకో, మళ్లీ వచ్చిన కండకో మీ కన్ను ముట్టుకునే ఇంకో సర్జన్ మొదట అడిగేవి ఇవే.